సిద్ధిరాములు తీర్చిన మొక్కు

భివండిలోని నాగావ్‌లో సాంచాల మిస్త్రీ సిద్ధిరాములుతో దేవుడి గురించి వాదం పెట్టుకుని గెలిచినవాడు లేడు. సాంచాలంటే కరెంటు మగ్గాలు. అవి మొరాయిస్తే బాగుచేయడానికి పగలంతా ఒక కార్ఖానా నుంచి ఇంకో కార్ఖానాకు తిరిగే మనిషి, సాయంత్రం తెలుగువాళ్ల చాయ్ హోటల్లో బల్ల మీద పానా పెట్టి కూర్చున్నాడంటే, నుదుట బొట్టుతో అటు వచ్చినవాడి పని అయిపోయినట్టే. "ఏమన్నడే మీ దేవుడు? మంచిగున్నడా? నన్నేమన్న అడిగిండా?" అని మొదలుపెట్టేవాడు. అవతలివాడు నవ్వేసి తప్పుకుంటే సరే, లేకపోతే చాయ్ చల్లారేదాకా వదిలేవాడు కాదు. అలా అందరినీ గెలిచి గెలిచి, అరవై ఆరేళ్లు వచ్చేసరికి ఆ బల్ల దగ్గర ఒక్కడే మిగిలాడు.

అతను పుట్టుకతో నాస్తికుడేమీ కాదు. వాళ్లది సిరిసిల్ల పక్కన పల్లె. పొద్దున్నే, పోగును అటూ ఇటూ మోసే నాడెకు దండం పెట్టుకోకుండా తండ్రి మగ్గం గుంటలో కాలు పెట్టేవాడు కాదు. ఆ గుంటలోనే సిద్ధిరాములు నేత నేర్చుకున్నాడు. పదహారేళ్లకు ముంబై పక్కనున్న భివండి వచ్చాడు. వచ్చిన రెండో ఏడు దసరాకు వాళ్ల సేఠ్ కార్ఖానాలోని ఇరవైనాలుగు సాంచాలకూ బంతిపూల దండలు వేయించి, ఒక్కోదానికి ఒక్కో కొబ్బరికాయ కొట్టించాడు. తిరిగే పట్టాల మీద రేకు కప్పులు వేయించమని పనివాళ్లు ఏడాదిగా అడుగుతుంటే ఆ పని మాత్రం చేయించలేదు. దసరా దాటిన నాలుగో రోజున సిద్ధిరాములు పక్క సాంచా మీది మనిషి చెయ్యి పట్టాలో పడి రెండు వేళ్లు తెగిపోయాయి. "పూజ దినం మనసు పెట్టి మొక్కలే వాడు, గందుకే" అన్నాడు సేఠ్, చెయ్యి కడుక్కుంటూ. సిద్ధిరాములు ఆ సాయంత్రమే మెడలోని జంజెం తెంపి మురుగు మోరీలో పారేశాడు. మళ్లీ వేసుకోలేదు.

పద్మశాలీల ఇళ్లలో జంజెం లేని మొగవాడంటే చిన్న విషయం కాదు. పెళ్లిళ్లలో పిలుపులు తగ్గాయి, పంక్తిలో పక్కన కూర్చునేవాళ్లు తగ్గారు. అతను లెక్కచేయలేదు. ఒక్కటి మాత్రం చెప్పుకోవాలి. నలుగురి దగ్గర ఒక మాట, ఇంట్లో ఒక మాట అతనికి లేదు. పిల్లనిచ్చేముందు మామ అడిగితే కూడా "నాకు దేవుని మీద నమ్మకం లేదు మామా, తర్వాత తెలిసి బాధపడకు" అని చెప్పేశాడు. అయినా మామ పిల్లనిచ్చాడు. ఆ పిల్లే గంగాబాయి. వంటగదిలో ఒక అర ఆమెది. అందులో మార్కండేయుడి పటం, అమ్మవారి పటం, కుంకుమ భరిణె. సిద్ధిరాములు ఆ అర జోలికి పోలేదు, ఆమె అతని వాదాల జోలికి రాలేదు. కాపురం సాఫీగానే నడిచింది.

ఒక్క విషయంలోనే వాళ్లకు చెడింది.

జంజాల పున్నం నాడు, అంటే రాఖీ పున్నమి రోజున, భివండి పద్మశాలీలు మార్కండేయుడి రథం తీస్తారు. రథం వెనక ట్రాలీ మీద చేనేత మగ్గం ఒకటి బిగిస్తారు. ఊరేగింపు సాగినంతసేపూ దాని మీద నేతగాడు నేస్తూనే ఉండాలి. గుడికి తిరిగి వచ్చేసరికి ఎంత గుడ్డ తయారైతే అంత కోసి దేవుడికి కప్పుతారు. ముప్పై ఒక్క ఏళ్ల కింద, మూడేళ్ల కొడుకు రూపేష్‌కు మెదడు జ్వరం వచ్చి ఆసుపత్రిలో తెలివి తప్పి పడున్నప్పుడు, గంగాబాయి మెట్ల మీద కూర్చుని మొక్కుకుంది. నా కొడుకు బతికితే నా మొగడు రథం మీద తన చేత్తో నేసిన గుడ్డ నీకు కప్పుతా స్వామీ అని.

రూపేష్ బతికాడు. సిద్ధిరాములు దూద్‌పేడాల డబ్బా కొని, పిల్లవాడికి వారం రోజులు సేవ చేసిన నర్సుకు ఇచ్చి వచ్చాడు. "మొక్కుడు తీరిపోయింది పో" అన్నాడు పెళ్లాంతో. "సూదిమందు ఇచ్చినామెకు మొక్కిన. నీ దేవుడు యాడున్నడు అప్పుడు? మెట్ల మీద నీ పక్కన కూసున్నడా?"

గంగాబాయి ఆ రోజు ఏడ్చింది. తర్వాత ఏటేటా పున్నమికి ముందు అడిగేది. కొన్నాళ్లకు అడగడం మానేసి, నిజాంపురా రోడ్డు పక్కన నిలబడి రథం వెళ్లేదాకా చూసి, ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా పడుకునేది. ఆ ఒక్కపూట ఆమె మొహం చూడటం సిద్ధిరాములుకు కష్టంగానే ఉండేది. అయినా మాట మాటే అనుకునేవాడు. తన పట్టుదల చూసి తనే కొంచెం మురిసిపోయేవాడు కూడా. ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పుడు తనను తనే చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

మొన్న జూన్ మొదట్లో గంగాబాయి రొమ్ములో గడ్డ బయటపడింది. హోలీ నాటి నుంచి ఉందట, చెప్పలేదు. ఠాణే పట్నం ఆసుపత్రిలో పెద్ద డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి, ఇది తొందరగా పాకే రకం, ఇప్పుడైతే కోసి తీసేయొచ్చు, రెండు వారాల్లో వచ్చి చేరండి అంది. ఇంటికి రాగానే గంగాబాయి సంచి కింద పెట్టి, నేను రానంది.

"మొక్కు మీదుంది. మొక్కు తీరకుండ కత్తి కింద పండుకోను."

"ఏం మాట్లాడుతున్నవే?"

"నాకు కాదు భయం. నేను బల్ల మీదనే పోతే ఆ మొక్కు ఎవని మీద పడ్తది? రూపేషు పేరు మీద మొక్కిన. వాని మీదనే పడ్తది."

సిద్ధిరాములు నెత్తి పట్టుకున్నాడు. అరిచాడు, బతిమాలాడు. రూపేష్ కూడా తల్లి పక్కన కూర్చుని, "అమ్మా, గిదంతా బక్వాస్. నాకేం కాదు, మై హూఁ నా, నేనున్న గదా" అని ఎన్ని విధాల చెప్పినా ఆమె కదల్లేదు. చివరికి సిద్ధిరాములు దిగొచ్చాడు.

"సరే. నేస్త. ఈ పున్నమికి రథమెక్కి నేస్త. ముందు ఆపరేషన్ చేయించుకో."

గంగాబాయి అతని వంక చూసింది. "నేను బతికుంటే నేస్తవు, నాకెర్కే. నేను చచ్చిపోయిన్ననుకో. అప్పుడు గూడ నేస్తవా? నిజం చెప్పు."

అవునంటే అయిపోయేది. ఆమె మర్నాడే సంచి సర్దుకునేది. కానీ సిద్ధిరాములు ఆలోచించాడు. పెళ్లాం పోయాక, లేని దేవుడి కోసం, ఆ గుడివాళ్ల రథం ఎక్కి తను నేస్తాడా? నేయడు. అది అతనికి స్పష్టంగా తెలుసు. నలభై రెండేళ్లలో ఆమెకు అబద్ధం చెప్పి ఎరగడు. నోరు పెగల్లేదు. 

"చూసినవా మరి" అంది గంగాబాయి, కోపమైనా లేకుండా.

రెండు రోజులు తిండి సయించక, మూడో రోజు సిద్ధిరాములు ఎన్నడూ చేయని పని చేశాడు. గుడి మెట్లెక్కాడు. దత్తాత్రి పంతులు అరుగు మీద పూలు విడదీస్తున్నాడు. చాయ్ హోటల్లో ఈ పంతులును కూడా అతను ఒకటి రెండుసార్లు ఏడిపించాడు.

"పంతులూ, నువ్వు చెప్తే ఇంటది. ముందు ఆపరేషన్ చేయించుకొమ్మని చెప్పు. నీకు దండం పెడ్త."

దత్తాత్రి పంతులు మంచివాడు. అప్పటికప్పుడే చెప్పులేసుకుని వచ్చాడు. "అమ్మా, దేవుడేమన్న వడ్డీ వ్యాపారా? ప్రాణం కన్న మొక్కు ఎక్కువ కాదు. నేను చెప్తున్న, ఆ దోషం నా మీదికి తీసుకుంట, నువ్వు పో" అన్నాడు. గంగాబాయి అతనికి చాయ్ ఇచ్చి, కాళ్లకు దండం పెట్టి పంపించి, తలుపు వేసింది.

"ఆయనకేంది, చెప్తడు. కొడుకు ఆయన కొడుకు కాదు గదా" అంది.

నాస్తికుడు చెప్పినా వినలేదు, పంతులు చెప్పినా వినలేదు. ఇక పున్నమి దాకా ఆగడం తప్ప దారి లేదు. పదకొండు వారాలు. డాక్టరమ్మ ఇచ్చిన గడువు రెండే వారాలు.

తర్వాత అతను లక్ష్మీకాంతం దగ్గరికి వెళ్లాడు. లక్ష్మీకాంతం గుడి కమిటీ పెద్ద, నూరు సాంచాల యజమాని. రథం మీద నిజంగా నేసే కనుకయ్యకు చూపు పోయాక, రెండేళ్లుగా ఆ కమిటీ ముందే నేయించిన గుడ్డను మగ్గానికి చుట్టి, ఎవరో ఒకరిని కూర్చోబెట్టి నాడె ఊరికే ఆడిస్తున్నట్టు ఫొటోలు తీయించుకుంటోంది. నేతగాళ్ల ఊళ్లో చేత్తో నేయడం వచ్చినవాడు ఒక్కడూ మిగల్లేదు. "దేవునికే టోపీ పెట్టిన్రు, శభాష్" అని సిద్ధిరాములు కిందటేడు హోటలంతా వినేలా నవ్వాడు. ఆ నవ్వు లక్ష్మీకాంతం చెవిన పడకుండా ఎలా ఉంటుంది? అందుకే అరగంట బయట కూర్చోబెట్టి లోపలికి పిలిచాడు.

"ఏం సిద్ధిరాములూ, దారి తప్పినవా?"

"నేసుడు వస్తది నాకు. ఈసారి నేను నేస్త సేఠ్. జంజెం వేసుకోను. దండం పెట్టను. మైకుల నా పేరు చెప్పొద్దు. గివి మూడు."

"నీ చేతులే గావాలె మాకు. మిగతాది నీ ఇష్టం" అని లక్ష్మీకాంతం మాట ఇచ్చాడు.

గుడి వెనక గదిలో మగ్గం దుమ్ము కొట్టుకుని ఉంది. సిద్ధిరాములు దాన్ని దులిపి, పోగును దగ్గరగా కొట్టే పలక సరిచేసి, పడుగు ఎక్కించాడు. మొదటి రోజు పోగులు తెగాయి. నాలుగో రోజు కాళ్లూ చేతులూ ఒక తీరుకొచ్చాయి. యాభై ఏళ్లుగా ఇనుముతో కుస్తీ పట్టిన చేతికి నాడె ఇటు నుంచి అటు జారిపోతుంటే హాయిగా ఉంది. తండ్రి పక్కన కూర్చున్నట్టే ఉంది. ఈ హాయిని చూసి రేపు ఎవడో భక్తి అంటాడు కదా అని తలుచుకుని ఒళ్లు మండింది. గంగాబాయి రోజూ మధ్యాహ్నం డబ్బాలో అన్నం తెచ్చి, అతను నేస్తుంటే గడప అవతల కూర్చుని చూసేది. పెళ్లయిన కొత్తలో కూడా ఆమె అతన్ని అంత ఇష్టంగా చూడలేదు. ఆమె చంకలో నొప్పి మొదలైందని, ఎడమ చెయ్యి పైకెత్తడం లేదని అతను అప్పుడే గమనించాడు. అడిగితే, "పున్నమి కానీ" అనేది.

పున్నమి నాడు వాన తెరిపిచ్చింది. డోళ్లు, గలగలలాడే లేజిమ్ కట్టెలు పట్టుకుని ఆడే ఆడపిల్లలు, ముందు రథం, వెనక ట్రాలీ మీద మగ్గం. సిద్ధిరాములు తెల్ల అంగీ వేసుకుని ఎక్కాడు. రోడ్డు గుంతల్లో ట్రాలీ ఎగిరినప్పుడల్లా పోగు తెగేది. ముడేసి మళ్లీ నేసేవాడు. తెల్ల గుడ్డకు ఎర్ర అంచు. మూడు గంటల్లో రెండు మూరలు దాటింది. జనం నిజంగా నేస్తున్నాడని తెలిసి ట్రాలీ చుట్టూ మూగారు. ముసలివాళ్లు కళ్లు తుడుచుకున్నారు.

నిజాంపురా మలుపులో మైకు గరగరలాడింది. గొంతు లక్ష్మీకాంతానిదే.

"బంధువులారా! నలభై తొమ్మిదేండ్లు దేవుడు లేడు లేడన్న సిద్ధిరాములును ఇయ్యాల ఆ మార్కండేయ స్వామియే చెయ్యిపట్టి రథమెక్కించుకున్నడు! దేవుడున్నడా లేడా అనెటోళ్లకు ఇంకేం నిదర్శనం గావాలె?"

చప్పట్లు, విజిళ్లు. ఎవరో అతని మీద పూలు చల్లారు. సిద్ధిరాములుకు చెవుల్లోంచి పొగలొచ్చాయి. నాడె పక్కన పెట్టి లేచాడు. దిగి వెళ్లి ఆ మైకు లాక్కుని నాలుగు మాటలు చెప్పాలి. ఒక్క నిమిషం చాలు. తన దగ్గర ఉన్నదల్లా ఆ ఒక్క మాటే. దాన్నే వీళ్లు నడిబజార్లో అమ్ముకుంటున్నారు.

రోడ్డు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో గంగాబాయి కూర్చుని ఉంది. వెనక రూపేష్ నిలబడ్డాడు. అతను లేవడం చూసి ఆమె కుర్చీలోంచి సగం లేచింది. మొహం పాలిపోయింది. దిగితే మొక్కు చెడిపోతుంది. మళ్లీ పున్నమి వచ్చే ఏడే. సిద్ధిరాములు కూర్చున్నాడు. గుడి దాకా తల ఎత్తకుండా నేశాడు.

గుడి ముందు దత్తాత్రి పంతులు గుడ్డ కోసి లోపలికి తీసుకెళ్లాడు. లక్ష్మీకాంతం ఫొటోలవాళ్లను వెంటబెట్టుకుని, చేతిలో కొత్త జంజెంతో అతని మెడ మీదికి వచ్చాడు. సిద్ధిరాములు ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు. "మాట తప్పినవ్ సేఠ్" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు ముద్దుగా నవ్వారు. "ఇంక మొండితనం పోలే మన సిద్ధన్నకు" అన్నారు. 

మర్నాడు గంగాబాయి తనే సంచి సర్దుకుంది. ఆటోరిక్షాలో ఠాణే దాకా, మొదటిసారి ఊరికి పోతున్న పిల్లలా మాట్లాడుతూనే ఉంది.

డాక్టరమ్మ పాత కాగితాలూ కొత్తగా తీయించిన స్కాన్ ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూసింది. గంగాబాయిని బయట కూర్చోమని పంపి, తండ్రీ కొడుకుల వైపు తిరిగింది. "ఇత్నే దిన్ కహాఁ థే?" అని అడిగింది. ఇన్నాళ్లు ఎక్కడున్నారంటే ఏం చెప్తారు? రూపేష్ మెల్లగా, అమ్మకు ఒక మొక్కు ఉండిందని, పండుగ అయ్యేదాకా రానందని చెప్పాడు. డాక్టరమ్మకు కోపం ఆగలేదు. మీలాంటివాళ్లు మొక్కులూ పూజలూ అంటూ ఆడవాళ్ల ప్రాణాలు తీస్తారు, ఆమెకు తెలియకపోతే ఈ పెద్దమనిషికైనా తెలియాలి కదా, ఇంట్లో ఒక్కరికైనా బుద్ధి ఉండక్కర్లేదా అని సిద్ధిరాములు మొహం మీదే తిట్టింది. కాలేయానికి పాకింది, ఇప్పుడు కోసి లాభం లేదు, నొప్పి తెలియకుండా మందులిస్తానంది.

నలభై తొమ్మిదేళ్లుగా అతను హోటల్లో చెప్పిన మాటలే అవి. ఒక్క అక్షరం తేడా లేదు. నేను ఆ బాపతు కాదమ్మా అని చెప్పాలనుకున్నాడు. కానీ ఏ బాపతు? మొక్కు పేరుతో ఆమె ఆగింది. ముప్పై ఒక్క ఏళ్లలో ఏ పున్నమికైనా ఒక పూట నేసి ఉంటే ఆమె ఆగేది కాదు. జూన్‌లో ఒక్క అబద్ధం ఆడి ఉన్నా ఆగేది కాదు. నమ్మేవాడైతే ఇలాంటప్పుడు ఆకాశం వైపు చూసి దేవుణ్ని నోటికొచ్చినట్టు తిట్టుకుంటాడు. సిద్ధిరాములుకు ఆ సుఖం కూడా లేదు. తల వంచుకుని తిట్లన్నీ పడ్డాడు.

అమ్మకు చెప్పొద్దని రూపేష్ ఒట్టు వేయించుకోబోయి, ఎవరితో ఏమంటున్నాడో గుర్తొచ్చి ఆగిపోయాడు. ముందు మందులు, తర్వాత ఆపరేషన్ అట అని తల్లితో వాడే చెప్పాడు. సిద్ధిరాములు పక్కన నిలబడి సంచి మోశాడు. 

నెల తిరిగేసరికి గంగాబాయి మంచం దిగలేని స్థితికి వచ్చింది. చూడటానికి వచ్చినవాళ్లు గడప దాటాక రకరకాలుగా అనుకున్నారు. ఆలస్యంగా తీర్చిన మొక్కు కదా అని కొందరు, మొక్కు తీరింది కాబట్టే ఈ మాత్రమన్నా ఉందని కొందరు. మనసు లేకుండా నేసిన గుడ్డ దేవుడికి ముట్టదు అని ఒకామె మంచం పక్కనే కూర్చుని, ఓదార్పు మాటలా అనేసి పోయింది. గంగాబాయి బతికినా దేవుడి గొప్పే, చచ్చినా సిద్ధిరాములు తప్పే. హోటల్లో అయితే అతను ఈ వాదాన్ని రెండు ముక్కల్లో చీల్చి పారేసేవాడు. ఇంట్లో మందుల డబ్బా సర్దుతూ విన్నాడు.

ఆ మర్నాడు మధ్యాహ్నం, గోడ అవతల సాంచాలు టకటకమని ఆడుతున్నాయి. సిద్ధిరాములు ఆమెకు గంజి తాగించి మూతి తుడిచాడు. గంగాబాయి అతని మణికట్టు పట్టుకుంది.

"ఒకటి అడుగుత. రథం మీద కూసోని నేసినప్పుడు, ఒక్కపారన్న మనసుల దండం పెట్టుకున్నవా?"

లేదంటే ఆమె ఎలా పోతుందో అతనికి తెలుసు. గుడ్డ ముట్టలేదని, మొక్కు కొడుకు నెత్తిన అలాగే ఉందని భయపడుతూ పోతుంది. జూన్‌లో లాగా ఈసారి ఆలోచించలేదు.

"పెట్టుకున్న" అన్నాడు. "నిజాంపురా మలుపుల. నువ్వు కుర్చీల కూసున్నవు చూడు, గక్కడనే. మనసుల పెట్టుకున్న."

గంగాబాయి అతని మొహంలోకి చూసింది. ఆమె కళ్లలో వెలుగు రాలేదు. మణికట్టు వదిలేసింది.

"నాతోని ఎన్నడు అబద్ధమాడలే నువ్వు" అంది. "ఇయ్యాల ఆడినవంటే, డాక్టరమ్మ నేను బతకనన్నదన్నట్టు."

సిద్ధిరాములు గంజి గిన్నె కింద పెట్టాడు. 

"రూపేషుకు ఫోన్ చెయ్యి" అంది గంగాబాయి. "కార్ఖానా నుంచి జర జల్ది రమ్మను."